రేగుకొమ్మ మీద దసలి, తుమ్మకొమ్మ మీద జీరంగి

బెజవాడ వెళ్తున్నాం అంటే దుర్గమ్మ దర్శనమా, ఉండవల్లి గుహలా, భవానీ ద్వీపమా అని అడుగుతారు. ఈసారి మేం వెళ్ళింది రెండు పురుగుల కోసం. ఒకటి అడవి చెట్ల మీద పెరిగే దసలి పట్టుపురుగు, ఇది రెక్కల పురుగు (మాత్). రెండోది జీరంగి, తుమ్మచెట్ల మీద పచ్చగా మెరిసే పెంకు పురుగు (బీటిల్). మా బావమరిది గుంటూరులో డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాడు. రెక్కల పురుగుకీ పెంకు పురుగుకీ తేడా చెప్పేటప్పుడు పుస్తకంలో బొమ్మలు చాలడం లేదు, రెండూ ఒకే అడవిలో దొరికితే వాటిని పక్కపక్కన పెట్టి చెప్పొచ్చు అని చాలాకాలంగా అంటున్నాడు. జీరంగి అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. తొలకరి పడి, పునర్వసు కార్తె నడుస్తుండగా ఇద్దరం బయల్దేరాం.

శుక్రవారం

రైలు దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, బస్టాండులో ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్ళే బస్సెక్కాం. గొల్లపూడి దాటేదాకా ఊరే. ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం గొట్టాలు కనిపించాక వాటి వెనక కొండపల్లి కొండల వరస మొదలవుతుంది. ఎండాకాలంలో చూస్తే ఈ కొండల మీద ఏమీ బతకదనిపిస్తుంది. రెండు వానలు పడితే చాలు, బండల మధ్య ఖాళీ లేకుండా పచ్చబడతాయి. సుమారు 120 చదరపు కిలోమీటర్ల రిజర్వు అడవి, ఆకు రాల్చే చెట్లే ఎక్కువ. చిరుతలు కూడా ఉన్నాయి కాబట్టి పొద్దుపోయాక లోపల తిరగకూడదు.

హైదరాబాద్ హైవే మీద మూలపాడు దగ్గర దిగాం. అటవీశాఖ వాళ్ళ సీతాకోకచిలుకల పార్కు అక్కడే. పార్కంటే అద్దాల గది ఏమీ కాదు, అడవి అంచునే కాలిబాటలు వేసి ఉంచారు. చిలుకలు చాలా ఉన్నాయి. మా కళ్ళు మాత్రం తుమ్మకొమ్మల మీదే ఉన్నాయి.

జీరంగిని మొదట మా బావమరిదే చూశాడు. "బావా, కదలకండి, మీ భుజం పక్కనే ఉంది" అన్నాడు. నా తల ఎత్తులో ఉన్న తుమ్మ రెమ్మని ఆరు కాళ్ళతో పట్టుకుని, చిన్న ఆకుల్ని ఒక్కోటే అంచు నుంచి కొరుకుతోంది. బొటనవేలి మొదటి కణుపంత పురుగు. వీపంతా ఆకుపచ్చ లోహం రంగు, దాని మీద సన్నటి గుంటలు. ఎండ ఒక పక్క నుంచి పడితే బంగారం ఛాయ, నేను తల పక్కకి వంచితే అదే చోట నీలం. ఆ రంగు పూసింది కాదు. పెంకు పైపొరలో వెలుతురు తరంగమంత పలుచని పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వెలుగు వాటి మీద పడి తిరిగి వచ్చేటప్పుడు కొన్ని రంగులు బలపడి, మిగతావి రద్దవుతాయి. రంగు పదార్థంలో లేదు, కట్టడంలో ఉంది. అందుకే పురుగు చనిపోయినా ఆ మెరుపు పోదు. 1903 ఢిల్లీ దర్బారులో వైస్రాయ్ కర్జన్ భార్య వేసుకున్న నెమలి గౌను మీద జరీతోపాటు ఇలాంటి పురుగుల పెంకులనే కుట్టారు. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ పెంకులు ఇంకా మెరుస్తున్నాయి.

వేలు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎగిరిపోతుందనుకుంటాం కదా, జీరంగి అలా చెయ్యదు. కాళ్ళన్నీ ఒక్కసారిగా పొట్టకి అదుముకుని, కొమ్మని వదిలేసి, కింద గడ్డిలో పడిపోయింది. వెల్లకిలా, బిగుసుకుపోయి, అచ్చం చచ్చినట్టే. మేం కదలకుండా కూర్చుంటే కొంచెంసేపటికి ఒక కాలు విడిచింది, తర్వాత మీసాలు. ఒళ్ళు బోర్లించుకుని, గడ్డిపరక ఎక్కి, పై పెంకులు రెండూ పక్కలకి ఎత్తింది. వాటి కింద నుంచి పలుచటి పొర రెక్కలు బయటికొచ్చాయి. గట్టిగా రొద చేసుకుంటూ ఎగిరింది. మనం రెక్కలనుకునే ఆ పచ్చ పెంకులు ఎగరడానికి పెద్దగా పనికిరావు. ముందు జత రెక్కలు గట్టిపడి కవచమయ్యాయి, ఎగిరే పనంతా వెనక జతదే. దాదాపు పెంకు పురుగులన్నింటికీ ఇదే ఏర్పాటు. పొలంలో పేనుబంకని తినే అక్షింతల పురుగుకీ, చీకట్లో వెలిగే మిణుగురుకీ కూడా ఇదే. మిణుగురు పెంకు పురుగే అంటే చాలామంది నమ్మరు, పట్టుకుని వీపు చూస్తే తెలిసిపోతుంది.

మూలపాడు పక్కన ఊళ్ళోనే మా పెద్దమ్మ కూతురి ఇల్లు. రాత్రికి అక్కడే దిగాం. డాబా మీద బట్టలారేసే తీగకి తెల్ల దుప్పటి కట్టి, ముందు దీపం పెట్టాం. "ఏరా, పెళ్ళికొచ్చినట్టు దీపాలేంటి" అని అక్కయ్య నవ్వింది గానీ, భోజనాలయ్యాక తనూ పైకొచ్చి కూర్చుంది. వీధిలో పిల్లలు సరేసరి.

ముందు వరి పచ్చదోమలు. తర్వాత గోధుమరంగు, బూడిదరంగు రెక్కల పురుగులు, గోరంత నుంచి అరచేతిలో సగం దాకా. అవి దీపం చుట్టూ తిరిగే తీరు చూస్తే వెలుగుకి మోజుపడి వచ్చాయనిపిస్తుంది. అసలు సంగతి వేరు. వేగంగా తీసే కెమెరాలతో గమనించి శాస్త్రవేత్తలు 2024లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, రాత్రి ఎగిరే పురుగు తన వీపుని వెలుతురు ఉన్నవైపు ఉంచుకుంటుంది. అడవిలో రాత్రిపూట కాస్తో కూస్తో వెలుగు వచ్చేది ఆకాశం నుంచే కాబట్టి, వీపు అటు ఉంటే ఒళ్ళు తిన్నగా ఉన్నట్టు. మనం పక్కన దీపం పెడితే దాన్నే ఆకాశమనుకుని వీపు అటు తిప్పుతుంది. అలా తిప్పుతూ తిప్పుతూ దీపం చుట్టూ గిరగిరా తిరుగుతుంది. దీపం మీదుగా వెళ్తే ఏకంగా తలకిందులై పడుతుంది. పాపం, అది వెలుగుని కోరుకోవడం లేదు, దాన్నుంచి బయటపడలేకపోతోంది.

ఇంతలో దుప్పటికి ఏదో ఠప్పుమని కొట్టుకుని నేల మీద పడింది. కొబ్బరి తోటల రైతులు తిట్టుకునే కొమ్ము పురుగు. వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తుంటే పిల్లలు చుట్టూ మూగారు. ఒకబ్బాయి పుల్లతో తిప్పి నిలబెట్టాడు. అది నడుచుకుంటూ గోడ మూలకి పోయింది. రెక్కల పురుగులు అంతసేపు తిరిగి అలిసిపోతే, ఇది ఒక్క దెబ్బ తిని కూడా చెక్కుచెదరలేదు. మా బావమరిదికి కావాల్సిన పాఠం మొదటి రాత్రే సగం దొరికింది. దసలి మాత్రం రాలేదు.

శనివారం

తెల్లవారుజామునే కొండపల్లి చేరాం. ఖిల్లాకి ఘాట్ రోడ్డు ఉంది. మేం నడిచే ఎక్కాం, ఎందుకంటే పురుగులు చూడాలంటే నడకే దారి. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన కోట ఇది. మహల్, గజశాల, నర్తనశాల అన్నీ చూడదగ్గవే, వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను దాటేస్తాను.

సగం కొండ ఎక్కాక మేకల మందతో ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. "బాబాయ్, ఈ చుట్టుపక్కల పట్టుకాయలు కనిపిస్తుంటాయా?" అని అడిగాను. కర్ర భుజాన వేసుకుని కాసేపు ఆలోచించి, "పట్టుకాయో ఏందో గానీ, రేగుచెట్టుకి ఉంగరమేసుకుని ఏలాడతా ఉంటది, గట్టికాయ. అదేనా?" అన్నాడు. అదే! నాకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. గోడ వారగా ఒక పక్కకి తీసుకెళ్ళి చూపించి, మేకలు దూరం పోతున్నాయని పరుగెత్తాడు.

దసలి గూడు చూడనివాళ్ళకి చెప్పాలి. మల్బరీ పట్టుగూడులా తేలిగ్గా, మెత్తగా ఉండదు. కోడిగుడ్డు కంటే కొంచెం చిన్నగా, బూడిద కలిసిన పసుపు రంగులో, గోటితో కొడితే టక్కుమనేంత గట్టిగా ఉంటుంది. పైన సన్నటి గట్టి కాడ. ఆ కాడ చివర కొమ్మ చుట్టూ బిగిసిన ఉంగరం. గొంగళి గూడు అల్లే ముందే ఈ ఉంగరం, కాడ తయారు చేసుకుంటుంది. ఎండకి ఆకంతా రాలిపోయినా, గాలికి కొమ్మ ఊగినా గూడు కింద పడకుండా ఉండేది దానివల్లే. లోపల ప్యూపా (గొంగళికీ రెక్కల పురుగుకీ మధ్య దశ) ఎండాకాలమంతా అలాగే నిద్రపోయి, తొలకరికి మేలుకుంటుంది.

మేం చూసిన గూటికి పై కొసన రంధ్రం ఉంది, చుట్టూ తడిమరక. అంటే రాత్రే బయటికొచ్చింది. ఇంత గట్టి గూడుని పళ్ళు లేని పురుగు ఎలా తెరుస్తుందంటే, నోటి నుంచి ఒక ద్రవం విడుస్తుంది. అందులోని ఎంజైము పట్టుపోగుల్ని అంటించిన జిగురుని కరిగిస్తుంది. పోగులు తెగవు, పక్కకి జరుగుతాయి. ఆ సందులోంచి తల దూర్చుకుని వస్తుంది.

గూటికి జానెడు కింద, అదే రెమ్మ మీద, జంట కనిపించింది.

ఆడది పెద్దది. రెక్కలు చాపితే మన అరచేతిని మించి ఉంటుంది. పసుపు రంగు, అంచుల్లో బూడిదరంగు చార. మగది కొంచెం చిన్నది, ఇటుక రంగు. నాలుగు రెక్కల మీదా ఒక్కో గుండ్రటి కన్ను. ఆ కంటి మధ్యలో పొలుసులు లేవు, అద్దంలా స్వచ్ఛంగా ఉంది. ముఖం దగ్గరగా పెట్టి చూస్తే ఆ కిటికీలోంచి వెనక ఉన్న రేగాకు ఈనెలు కనిపించాయి. మగదాని మీసాలు రెండువైపులా పళ్ళున్న దువ్వెనలా వెడల్పుగా ఉన్నాయి, ఆడదానివి సన్నగా.

ఆ మీసాలే మగదాని ముక్కు. ఆడది గూడు దగ్గరే కూర్చుని ఒక వాసన వదులుతుంది. మనకి తెలియదు, ఏ ఇతర పురుగూ పట్టించుకోదు. ఆ జాతి మగది మాత్రం చీకట్లో గాలివాలుని బట్టి వెతుక్కుంటూ వస్తుంది. ఇలాంటి వాసన పదార్థాన్ని మొట్టమొదట పట్టుపురుగులోనే గుర్తించారు, 1959లో జర్మనీకి చెందిన బుటెనాంట్ బృందం. దానికి వాళ్ళకి లక్షల కొద్దీ మల్బరీ పట్టుపురుగులు కావాల్సి వచ్చాయి, ఒక్కో పురుగులో ఉండేది అంత తక్కువ.

"నోరు చూడండి బావా" అన్నాడు మా వాడు. చూశాను. నోరు లేదు. అంటే పనిచేసే నోరు లేదు. సీతాకోకచిలుకకి ఉండే చుట్ట తొండం దసలికి లేదు. ఇది పుట్టాక తినదు, తాగదు. గొంగళిగా ఉన్నప్పుడు మద్ది ఆకో, రేగాకో తిని, నాలుగు జ్వరాలు (చర్మం విడిచే దశలు) దాటి, ఒంట్లో ఎంత దాచుకుందో అంతే దాని ఆస్తి. దాంతోనే గూడు కట్టాలి, రూపం మారాలి, జత వెతకాలి, 150 నుంచి 250 గుడ్లు పెట్టాలి. వారం పది రోజుల్లో అంతా అయిపోతుంది. నిన్న జీరంగి కొమ్మ మీద తీరిగ్గా కూర్చుని ఆకు కొరుకుతున్నది గుర్తొచ్చింది. దానికి దవడలున్నాయి. రెక్కలొచ్చాక కూడా కొన్ని వారాలపాటు తింటూ బతుకుతుంది. అయినా ఇద్దరికీ ఒకటే చదువు: గుడ్డు, లార్వా (పిల్ల పురుగు), ప్యూపా, రెక్కలొచ్చిన పురుగు. నాలుగు దశలూ ఇద్దరివీ ఒకటే. తేడా అంతా ఏ దశలో ఎక్కడ ఉండి ఏం తిన్నాయన్న దగ్గరే వస్తుంది.

గూడు ఖాళీదే అయినా తెంచలేదు. రిజర్వు అడవిలో ఏదీ తెంచకూడదు. పైగా దసలి పట్టు కావాలంటే తెలంగాణలో మహదేవపూర్ వైపు దానికోసమే కాయలు పండించి నేసేవాళ్ళు ఉన్నారు.

మధ్యాహ్నం కిందికి దిగి బొమ్మల కాలనీకి వెళ్ళాం. మా లెక్కలో బొమ్మలు కూడా పెంకు పురుగుల కథలో భాగమే. కొండపల్లి బొమ్మ చేసేది ఈ అడవుల్లో దొరికే తెల్ల పొణికి చెక్కతో. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. ఒక ఇంటి వసారాలో చెక్కముక్కల్ని నెమ్మదిగా సెగకి పెడుతున్నారు. "తడి పూర్తిగా పోవాలండీ. పచ్చిది వాడితే పురుగు పడుతుంది, బొమ్మ కింద పొడి రాలుతుంది" అన్నాడు చెక్క తిప్పుతున్నాయన. ఆ పొడి రాల్చేది పెంకు పురుగుల పిల్లలే. చెక్కని తొలిచి తినడంలో వాటికి సాటి లేదు. జీరంగి కుటుంబంలోనే చాలా జాతుల పిల్లలు చెట్టు మానులో పెరుగుతాయి. ఎండిన చెక్కలో పోషకం తక్కువ కాబట్టి ఎదుగుదల చాలా నెమ్మది. ఇంటి దూలంలో ఇరుక్కుపోయి యాభై ఏళ్ళు దాటాక రెక్కలతో బయటికి వచ్చిన పురుగులు విదేశాల్లో నమోదయ్యాయి. మన జీరంగి పిల్ల అలా కాదు, నేలలో వేళ్ళు తింటూ పెరుగుతుంది. నెలల తరబడి మట్టిలోనే ఉండి తొలకరి తడి తగిలాక పైకి వస్తుంది.

చింతగింజల జిగురుతో రంపపు పొట్టు కలిపి మక్కు చేసి, బొమ్మకి చేతులూ కాళ్ళూ అతుకుతుంటే చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. ఎద్దుబండి బొమ్మ ఒకటి కొన్నాను.

ఆదివారం

పొద్దుటి నుంచి వాన. మధ్యాహ్నం దాకా అక్కయ్య ఇంట్లోనే ఉండి, మా వాడు ఫోన్లో దాచుకున్న రెండు పరిశోధనలు చదువుకున్నాం. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

రెండూ 2020లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవే. మొదటిది దసలికి దగ్గరి చుట్టమైన చైనా పట్టుపురుగు గురించి. ఈ కుటుంబం పురుగులకి చెవులు లేవు. గబ్బిలం కూత పెట్టి, దాని ప్రతిధ్వనిని బట్టి వేటాడుతుంది. వినలేని పురుగు దాన్నుంచి ఎలా తప్పించుకోవాలి? రెక్కల మీద ఉండే పొలుసులే కాపాడుతున్నాయని తేలింది. మన వేలికి దుమ్ములా అంటుకునే ఆ పొలుసులు ఒక్కోటి ఒక్కో ధ్వనికి కంపిస్తూ, అన్నీ కలిసి గబ్బిలం కూతని పీల్చేసుకుంటాయి. ప్రతిధ్వని తగ్గిపోతుంది. గబ్బిలానికి పురుగు ఉన్నదానికంటే చిన్నగానో, దూరంగానో అనిపిస్తుంది.

రెండోది జీరంగి చుట్టం గురించి, అదే ప్రజాతికి చెందిన ఆగ్నేయాసియా పురుగు. ఇంత మెరిసే పురుగు పిట్టల కంటపడి చచ్చిపోవాలి కదా అనేది అందరి ఊహ. పరిశోధకులు నిజం పెంకుల కింద మేత పెట్టి ఆకుల మీద అతికించారు. పక్కనే ఒకే రంగు పూసిన నకిలీ పెంకులూ పెట్టారు. పిట్టలు మెరిసేవాటి జోలికి తక్కువ వెళ్ళాయి. అవి భయపడి వదిలేశాయేమో అని మనుషుల్ని కూడా వెతకమన్నారు. మనుషులకీ మెరిసేవే తక్కువ కనపడ్డాయి. చూసే కోణాన్ని బట్టి రంగు మారిపోతుంటే కన్ను దాన్ని ఒక వస్తువుగా గుర్తుపట్టలేదు. ఆకు నిగనిగలాడేది అయితే మరీ కష్టం.

వాన తగ్గాక ఆ మాట పరీక్షించుకోవడానికి మళ్ళీ తుమ్మల దగ్గరికి వెళ్ళాం. ప్రతి ఆకు మీదా నీటిబొట్టు, ప్రతి బొట్టులోనూ వెలుగు. శుక్రవారం చెట్టుకొకటి కనిపించిన జీరంగులు ఆ రోజు ఒక్కటీ కంటికి ఆనలేదు. వెంట వచ్చిన అక్కయ్య మనవడు, మూడో తరగతి, మా మొహాలు చూసి, కొమ్మ పట్టుకుని మెల్లగా ఊపాడు. టపటపా మూడు రాలాయి. వాడికి ఆ పరిశోధన చదవాల్సిన పని లేకపోయింది! వాటిని అగ్గిపెట్టెలో పెట్టుకుంటానని పేచీ పెట్టాడు. నా చిన్నప్పుడు మేమూ అదే చేసేవాళ్ళం, తుమ్మాకు వేసి, బియ్యపు గింజంత గుడ్డు పెడితే మురిసిపోయేవాళ్ళం. ఆ గుడ్డు అగ్గిపెట్టెలో ఎండిపోతుంది, దానికి మట్టి కావాలి అని వాడికి చెప్పి, వదిలించాను.

ఒకటి చీకటి వేటగాడి చెవికి అందకుండా పొలుసులు కప్పుకుంది. ఒకటి పగటి వేటగాడి కంటికి చిక్కకుండా మెరుపు కప్పుకుంది. నా దృష్టిలో ఈ రెండు పురుగుల పోలికలో అసలైన ముడి ఇదే. పాఠాల్లో మామూలుగా చెప్పే పొలుసు రెక్కలు, గట్టి రెక్కలు అన్న తేడా, వాటిని తరిమిన శత్రువుల్ని చెప్పకపోతే పిల్లలకి బట్టీ మాత్రమే అవుతుంది.

సోమవారం

గుంటూరు వచ్చి, అక్కణ్ణుంచి మా వాడి బండి మీద కొండవీడు. పాతిక కిలోమీటర్ల పైచిలుకు. దారి పొడవునా పత్తి అప్పుడే మొలకెత్తుతోంది. టీ కోసం ఆగిన చోట ఒక రైతు కొట్టంలో పోయినేటి లింగాకర్షక బుట్టలు చూరుకి వేలాడుతున్నాయి. మా వాడు వాటిని ఆడిస్తూ రైతుతో మాట కలిపాడు. బుట్టలో పెట్టే చిన్న ఎర ఆడ రెక్కల పురుగు వాసనే. గులాబీ రంగు పురుగు తాలూకు మగవి దాన్ని నమ్మి వచ్చి బుట్టలో పడతాయి. శనివారం రేగుకొమ్మ మీద చూసిన విద్యే ఇక్కడ పొలంలో పనిముట్టు అయింది. "మరి వేరుపురుగుకి ఇట్టాంటిది లేదా?" అని రైతు అడిగాడు. వేరుపురుగు పెంకు పురుగు పిల్ల, మట్టిలో ఉంటుంది. తొలివానకి దాని తల్లి పురుగులు సాయంత్రం పూట వేపచెట్ల మీద వాలతాయి, అప్పుడు కొమ్మలు దులిపి ఏరి చంపడమే మేలైన పద్ధతి అని మా వాడు చెబితే, "అది మా నాయన చేసేవాడు" అన్నాడాయన.

కొండవీడు రెడ్డిరాజుల రాజధాని. 1515లో కృష్ణదేవరాయలు ముట్టడించి గెలుచుకున్న కోట. ఘాట్ రోడ్డు పడ్డాక సెలవు రోజుల్లో కార్ల వరస. మేం వెళ్ళింది పనిదినం కాబట్టి ప్రశాంతంగా ఉంది. సీతాఫలం చెట్లు ఎక్కువ, ఆ కాయ పక్వానికి రావడానికి ఇంకా టైముంది.

ఒక మలుపు దగ్గర వాలంతా కాలిన గుర్తులు. వేసవిలో ఎవరో నిప్పు పెట్టారు. వాన పడి పైన గడ్డి వచ్చింది గానీ కింద నేల నల్లగానే ఉంది. చితికిన మసి కింద వేలితో తవ్వితే ఆకుకుళ్ళు లేదు. పక్కన కాలని వాలులో అదే పని చేస్తే తడి మట్టి, పాత ఆకులు, వానపాములు, ఏదో పెంకు పురుగు లార్వా ఒకటి తెల్లగా ముడుచుకుని కనిపించింది. దాన్ని మళ్ళీ కప్పేశాం. చల్లటి దేశాల అడవుల్లో నిప్పుని వెతుక్కుంటూ వెళ్ళే పెంకు పురుగులున్నాయి, అవి కూడా జీరంగి కుటుంబమే. రొమ్ము పక్కన ఉండే గుంటల్లో వేడిని పసిగట్టే అంగాలతో మంట ఎక్కడుందో తెలుసుకుని, అప్పుడే కాలిన మానులో గుడ్లు పెడతాయి. మన కొండల మీద పెట్టే మంటకి అలాంటి న్యాయం ఏమీ లేదు. మేతగడ్డి త్వరగా రావాలని, దారి బాగుపడాలని, ఒక్కోసారి కారణమే లేకుండా అంటిస్తారు. ఎండాకాలంలో దసలి గూడు కొమ్మ మీద ఉంటుంది, ప్యూపా లోపల ఉంటుంది. జీరంగి పిల్ల వేళ్ళ దగ్గర ఉంటుంది. రెండిట్లో ఒక్కదానికీ లేచి పారిపోయే వీల్లేదు.

ఈ రెండిట్లో ముందు ఏది కనుమరుగవుతుంది అన్నదాని మీద మా ఇద్దరికీ కోట బురుజు మీద కూర్చుని చాలాసేపు వాదన అయింది. నేను జీరంగి అన్నాను. మట్టి పాడైతే మళ్ళీ బాగుపడటానికి ఏళ్ళు పడుతుంది, బరువైన పురుగు కాబట్టి ఎంతో దూరం పోలేదు. మా వాడు దసలి అన్నాడు. "దానికి వారమే టైము బావా. ఆ వారంలో వీధిలైట్ల చుట్టూ రెండు రాత్రులు తిరిగితే మిగిలేదేంటి? తినడానికి నోరు కూడా లేదు, పోయిన బలం తిరిగి రాదు." నా దగ్గర దానికి సమాధానం లేదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో రాత్రంతా వెలిగే తెల్ల లైట్లు కనీసం ఈ తొలకరి నెలలోనైనా కిందికి వంచి, పసుపు రంగువి పెడితే అంతా కాకపోయినా కొంత ప్రాణనష్టం తగ్గుతుందన్నాడు. ఆ మాట రాతపూర్వకంగా పెట్టాలని ఇద్దరం అనుకుని, వాళ్ళింటికి చేరాక భోజనం ముందే కూర్చుని అర్జీ రాశాం. లైట్ల గురించి అతను, మంటల గురించి నేను.

చూడాలనుకునేవాళ్ళకి కొన్ని వివరాలు. జూన్ చివరి నుంచి జులై అంతా మంచి కాలం, రెండు గట్టి వానలు పడ్డాక వెళ్ళండి. జీరంగులకి ఎండ కావాలి, పదిగంటల తర్వాత తుమ్మకొమ్మల చివర్లు చూడండి. దసలి కోసం తెల్లవారగానే వెళ్ళాలి, చెట్టు కింద నుంచి పైకి చూస్తూ ఉంగరమున్న గూడు వెతకాలి. మూలపాడుకి బెజవాడ నుంచి హైవే బస్సులున్నాయి, కొండపల్లికి సిటీ బస్సులు. కొండవీడుకి గుంటూరు నుంచి సొంత బండి అయితే మేలు. తాగునీళ్ళు మోసుకెళ్ళండి, పైన దొరకవు. రాత్రి దుప్పటి కట్టేది ఊళ్ళో డాబా మీదే, అడవిలో కాదు. గంటకి మించి దీపం ఉంచకండి, ఆపేశాక దుప్పటి మీదవాటిని దులపకుండా వాటంతట అవే వెళ్ళేదాకా ఆగండి.